రెండక్షరాలు కొడితే చాలన్న రోజులు

నేను ప్రోగ్రామర్‌గా పనిచేసి రిటైరయ్యానంటే హత్నూర పక్కన మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. కంప్యూటర్ పని అంటే వాళ్ళ దృష్టిలో పాడైనదాన్ని బాగుచేసే పని. పెళ్ళికి వెళ్ళినా, దినానికి వెళ్ళినా ఎవరో ఒకరు నన్ను పక్కకు తీసుకుపోయి, "మల్లేశమన్నా, మా టీవీల బొమ్మ వణుకుతున్నది, జెర సూడరాదే" అంటారు. నేనూ కాదనను. వెనక వైరు ఊడదీసి మళ్ళీ గట్టిగా పెడతాను. ఒక్కోసారి బొమ్మ కుదురుకుంటుంది. నా వృత్తిలో నాకు దక్కిన కృతజ్ఞతల్లో చాలావరకు ఆ వైరు పుణ్యమే.

అసలు నేను చేసిన పని వేరు. అది ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు చెబుదామని రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి పెద్దగా రాలేదు కూడా. మా ఆఫీసులో అందరి చేతా కోడ్ జల్దీగా రాయించాలని నేను ఒక చిన్న ప్రోగ్రాం చేశాను. అది నన్ను ఎక్కడెక్కడ తడిపిందో చెబుతాను. తడిపింది అన్న మాట ఉత్తినే వాడలేదు.

టైపింగ్ వచ్చినవాడే ప్రోగ్రామర్

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాది చిన్న కంపెనీ. మందుల ఫ్యాక్టరీలకు కంట్రోల్ ప్యానెళ్ళు చేసేవాళ్ళం. ఆ ఫ్యాక్టరీల్లో రసాయనాలు కలిపి ఉడికించే పెద్ద పెద్ద పాత్రలుంటాయి, రియాక్టర్లంటారు. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఎప్పుడు మూయాలి అని వాటికి చెప్పే ఇనుప పెట్టె మాది. ఎనభైల చివర్లో నేను అందులో వైరింగ్ పనికి చేరాను.

మా ఓనర్ వేణుగోపాల్ సార్‌ది సంగారెడ్డి. ఆయనకు దేనికైనా ఆగడం తెలీదు. ఒకరోజు పొద్దున్నే షెడ్డులోకి వచ్చి, "మీల టైపింగ్ ఎవనికొస్తదిరా?" అని కేకేశారు. సంగారెడ్డిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు కొన్నాళ్ళు పోయి ఉన్నాను. ఆఫీసులో ఫ్యాన్ కింద కూచోవచ్చని చెయ్యెత్తాను.

"అయితే ఇగ నువ్వే ప్రోగ్రామర్‌వి. రా పైకి."

నా ఇంటర్వ్యూ అంతే. నా తర్వాత చేరినవాళ్ళు ఎన్నో పరీక్షలు రాసి వచ్చారు. వాళ్ళముందు నేను నా నియామకం గురించి ఎన్నడూ నోరెత్తలేదు.

ఇంటికి పోయి మా నాయనకు చెప్పాను. ఆయన మక్క చేలో నీళ్ళు మలుపుతున్నాడు.

"ఏం పనిరా అది?"

"ఏ వాల్వు ఎప్పుడు తెరవాల్నో మిషినుకు చెప్పే పని."

పారతో ఒక మడి కట్టి ఇంకో మడి తెరుస్తూ, "గది నేను గూడ జేస్తున్న గదరా. దానికి ఆఫీసెందుకు?" అన్నాడు. ఆ తర్వాత సంవత్సరాల్లో చాలామంది క్లయింట్లు అదే ప్రశ్నను ఇంకా కటువుగా అడిగారు.

ఆ రోజుల్లో ప్రోగ్రాంను చిప్‌లోకి ఎక్కించేవాళ్ళం. తప్పు వస్తే చిప్‌ను ఒక పెట్టెలో ప్రత్యేకమైన లైటు కింద పెట్టి చెరిపి, మళ్ళీ ఎక్కించాలి. చేరిన కొత్తలో నేను పాడైన చిప్ బదులు బాగా పనిచేస్తున్న చిప్‌ను లైటు కింద పెట్టి, చాయ్ తాగొచ్చాను. చెరగడం మాత్రం శుభ్రంగా చెరిగింది. వేణుగోపాల్ సార్ ఆ ఖాళీ చిప్‌ను చేతిలో తిప్పి చూస్తూ, "క్యా మల్లేశం, పని మస్తు సాఫ్ జేసినవ్" అన్నారు. అంతకుమించి తిట్టలేదు. ఆయన మంచితనం అదే, ఆయన లోపమూ అదే. ఆయన నన్ను రోజూ అడిగిన మాట "అయిపోయిందా?" ఒక్కటే. "సరిగ్గా అయిందా?" అని ఎన్నడూ అడగలేదు. ఆయన అడగలేదు కాబట్టి నేనూ అడుక్కోలేదు.

నేను పెట్టిన పేర్లు

తొంభైల నడుమకు వచ్చేసరికి మేం సి భాషలో రాస్తున్నాం. ప్రతిసారీ మొదటినుంచి రాయలేం కదా. వాల్వు తెరవడానికొకటి, మూయడానికొకటి, ఉష్ణోగ్రత చదవడానికొకటి అని చిన్న చిన్న ముక్కలు రాసి దాచుకుంటాం. ఆ ముక్కలనే ఫంక్షన్లంటారు. పేరు పెట్టి పిలిచి, చేతిలో కొన్ని అంకెలు పెడితే వాటి పని అవి చేసుకొస్తాయి. అట్లా కొన్ని వందల ఫంక్షన్లు పోగయ్యాయి. అందులో ఎక్కువ భాగం నావే.

నేను పేర్లెట్లా పెట్టేవాడినో చెబితే మీకు నవ్వొస్తుంది. ముందు 'సెట్ వాల్యూ' రాశాను. అది ఒకచోట సరిపోలేదు. దాన్ని ముట్టుకోవడానికి భయమేసి 'సెట్ వాల్యూ న్యూ' రాశాను. మరుసటేడు 'సెట్ వాల్యూ న్యూ ఫైనల్' వచ్చింది. ఫైనల్ తర్వాత ఇంకేం వస్తుందనుకుంటున్నారు? 'ఫైనల్ టూ' వచ్చింది. ఇంకో కష్టమేమిటంటే, టైపింగ్ వచ్చని ఉద్యోగం తెచ్చుకున్న నేను 'వాల్వ్' అన్న ఒక్క మాటను ఇంగ్లీషులో మూడు రకాలుగా రాసేవాడిని. ఒకచోట చివరి అక్షరం ఉండదు, ఇంకోచోట మధ్యలో అచ్చులే ఉండవు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, మనం రాసినదాన్ని మిషిను భాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. తప్పుందని చెబుతుంది. అది చెప్పేలోపు చాయ్ తాగి రావచ్చు. అట్లా రోజుకెన్ని చాయ్‌లు తాగేవాడినో మా పాంట్రీ అతనికే తెలుసు.

అప్పటికి మా దగ్గర సుజాత చేరి కొంతకాలమైంది. సంగారెడ్డి అమ్మాయి, ఎంసీయే చదివింది, రోజూ షేర్ ఆటోలో వచ్చేది. నన్ను అన్నా అని పిలిచేది. నా కోడ్ చదవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఏమీ పిలిచేది కాదు, తల పట్టుకుని కూచునేది.

ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో మాకు ఒక కోడ్ ఎడిటర్ దొరికింది. అందులో ఒక సదుపాయం ఉంది. ఫంక్షన్ల పేర్లు, వాటికి ఇవ్వాల్సినవి వరసకొకటి చొప్పున ఒక ఫైల్లో రాసి పెడితే, మనం రెండక్షరాలు కొట్టగానే ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ కర్సర్ కింద ఒక పట్టీలా వరసగా కనిపిస్తాయి. ట్యాబ్ నొక్కితే మొదటి పేరు దానంతటదే పూర్తవుతుంది. పటాన్‌చెరు చౌరస్తాలో ఆటో అతను మనం నోరు తెరవకముందే "బొల్లారమా?" అంటాడు చూడండి, అట్లాంటిదే. మనం భానూర్ పోవాల్సినవాళ్ళమైతే మాత్రం జెర జాగ్రత్తగా ఉండాలి. ఆ జాగ్రత్త గురించి అప్పట్లో నాకు తట్టలేదు.

పెండ్లి పత్రికల నుంచి పేర్లు

ఆ ఫైలును నేను చేత్తో టైపు చేయడం మొదలుపెట్టాను. ఒక వారం కొట్టాను. కొడుతుండగానే సుజాత కొత్త ఫంక్షన్లు రాసింది, పాతవాటిలో కొన్ని మార్చింది. నా ఫైలు పుట్టకముందే ముసలిదైపోయింది.

ఆమె నా వెనక నిలబడి కాసేపు చూసింది. "అన్నా, హెడర్ ఫైల్ల ఉన్నదే మళ్ల కొడ్తున్నవా?"

హెడర్ ఫైల్ అంటే ఫంక్షన్ల ప్రకటనలుండే చోటు. పెండ్లి పత్రిక లాంటిదనుకోండి. ఎవరి పెండ్లి, ఎవరితో, ఎక్కడ అన్నది మాత్రమే అందులో ఉంటుంది. పెండ్లి, బువ్వ, కొట్లాట అన్నీ ఇంకో ఫైల్లో జరుగుతాయి. పేరూ, ఇవ్వాల్సిన వివరాలూ పత్రికలో ఎట్లాగూ ఉన్నాయి. వాటిని చదివి ఎడిటరుకు కావాల్సిన ఫైలును తయారుచేసే ప్రోగ్రాం రాస్తే సరిపోతుంది. ఈ ముక్క నాకు తట్టనందుకు సిగ్గుపడి, "గదే ఆలోచిస్తున్న" అన్నాను.

రాశాను. మొదటిసారి నడిపినప్పుడు మా ఫంక్షన్ల పోగులో 'ఇఫ్' అనే ఫంక్షన్, 'వైల్' అనే ఫంక్షన్ ఉన్నాయని తేలింది. అవి సి భాషలోని మాటలు, నేను హెడర్ ఫైల్లో అక్కడక్కడ ఇరికించిన కోడ్‌లోవి. పక్కన బ్రాకెట్ కనిపిస్తే చాలు, నా ప్రోగ్రాం దాన్ని ఫంక్షన్ అనుకుంది. దాన్ని సరిచేశాను. తర్వాత రెండు వరసల్లో రాసిన ప్రకటనలు సగానికి తెగి వచ్చాయి. దాన్నీ సరిచేశాను. ఆ తర్వాత వ్యాఖ్యలు తగులుకున్నాయి. ప్రోగ్రాం పట్టించుకోకుండా వదిలేసేలా, మనుషుల కోసం రాసుకునే మాటల్ని కామెంట్లంటాం. మా కామెంట్లలో అన్నీ ఉండేవి: పాత కోడ్, ఎప్పుడో తీసేసిన ఫంక్షన్లు, నేను ఎవరి మీదో కోపంతో రాసుకున్న వాక్యాలు. వాటిలోంచి కూడా పేర్లు ఏరుకొచ్చి నా ప్రోగ్రాం పట్టీలో పెట్టింది. విసుగొచ్చి, కామెంట్ కనిపిస్తే కళ్ళు మూసుకుని కొట్టిపారేయమని రాసేశాను. పట్టీ శుభ్రమైంది. చిప్ చెరిపినంత శుభ్రంగా చెరిపాను.

ఎడిటర్లో ఇంగ్లీషులో వి, ఎ అనే రెండక్షరాలు కొట్టగానే వాల్వుల ఫంక్షన్లు వరుసగా దిగిన రోజు నా మొహం చూడాల్సింది. వేణుగోపాల్ సార్‌ను పిలిచి చూపించాను. ఆయన నాచేత పదిసార్లు కొట్టించుకుని చూశారు. అప్పటినుంచి ఎవరొచ్చినా, ఇనుప రేకులు అమ్మేవాడు వచ్చినా సరే, "మల్లేశం, జెర గది సూపెట్టు" అనేవారు. నేను రెండక్షరాలు కొట్టేవాడిని. రేకులాయన తలూపేవాడు.

సుజాత ఒక్కతే మెచ్చుకోలేదు. తెర మీద వేలుపెట్టి, "అన్నా, దీని పక్కన 'ఇంట్, ఇంట్' అని ఉన్నది. ఏ ఇంట్ ఏందో ఎట్ల తెల్వాలె?" అంది.

ఇంట్ అంటే పూర్ణాంకం. ఫంక్షనుకు రెండు అంకెలు ఇవ్వాలని ఆ పత్రిక చెబుతోంది. ఏ అంకె దేనికన్నది రాయలేదు. ఆ ప్రకటన నేను రాసిందే. పేర్లు పెట్టకపోయినా కంపైలర్ ఊరుకుంటుందని పెట్టలేదు.

"ఇంట్ల ఎవరున్నరో తెల్వకపోతే తలుపు కొట్టి అడగాలె" అని జోకు వేశాను. నేనే నవ్వాను. ఆమె నవ్వలేదు.

బొల్లారంలో నీళ్ళు

బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి మేం పెద్ద ఆర్డరు చేశాం. అంతకుముందు అంత పెద్దది ఎప్పుడూ చేయలేదు. రియాక్టరుకు చాలా వాల్వులు, వాటన్నింటినీ ఒకటే ప్యానెల్ నడపాలి. పెట్టి చూపించడానికి నేను, సుజాత ఆటోలో పోయాం. కంప్యూటర్ మానిటర్ నా ఒళ్ళో, మిగతాది ఆమె కాళ్ళ దగ్గర. వేణుగోపాల్ సార్ వెనక స్కూటర్ మీద వచ్చారు.

అక్కడ ప్రొడక్షన్ మేనేజర్ సత్తిరెడ్డి గారు. పెద్ద మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. ఆయనకు ఆలస్యమైపోయిందన్న కంగారు. సాల్వెంట్ డ్రమ్ములు అప్పటికే వచ్చి గోడవారగా నిలబడి ఉన్నాయి. సాల్వెంట్ అంటే మందు తయారీలో వాడే ద్రవం. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, అంటుకుంటుంది. పక్క అరలో ఇంకో పాత్రకు వెల్డింగ్ నడుస్తోంది.

అంతా సిద్ధమయ్యాక సత్తిరెడ్డి గారు, "మూడో వాల్వు ముందు పన్నెండు సెకన్లు తెరువాలె. పైపు కడుక్కోవాలె గద" అన్నారు.

"గంతేనా సార్? ఇప్పుడే" అన్నాను. నా గొప్ప చూపించే అవకాశం దానంతటదే వచ్చింది. ఆయన్ను కుర్చీ వెనక నిలబెట్టుకుని ఆ రెండక్షరాలూ కొట్టాను. పట్టీ దిగింది. ట్యాబ్ నొక్కాను. పేరు పూర్తయింది. మూడు, పన్నెండు అని రెండు అంకెలిచ్చాను. కంపైల్ అయింది.

"సూసిన్రా సార్? ఇగ స్పెల్లింగ్ తప్పు వోయేదే లేదు."

ఆయన డ్రమ్ముల వైపు చూశారు. "అయితే పోద్దామా మరి?"

"నీళ్ళు పోసి ఒక్కపారి నడిపిద్దాం సార్" అంది సుజాత.

నేను అడ్డుపడ్డాను. "రెండంకెలు మార్చినం, గంతే. దానికి మళ్ల పాత్రంత నింపాల్నా?"

"టైం లేదమ్మా. నింపుడు, తీసుడు, ఇయ్యాల్టి రోజంత పోతది" అన్నారు సత్తిరెడ్డి గారు.

సుజాత చిన్నగానే మాట్లాడింది కానీ కదల్లేదు. "నీళ్ళు పొయ్యకుండ నేనైతే స్టార్ట్ బటన్ ఒత్తను సార్. ఒత్తేదుంటే మీరే ఒత్తుకోండ్రి."

ఎవరూ ముందుకు రాలేదు. ఈ పిల్లకు భయమెక్కువని నేను మనసులో విసుక్కున్నాను. వేణుగోపాల్ సార్ గడియారం చూసుకున్నారు. చివరికి సత్తిరెడ్డి గారే గొట్టం తెప్పించి పాత్రలో నీళ్ళు నింపించారు. కోపంగా కింది అంతస్తుకు దిగి, మూడో వాల్వు పైపును తనే దగ్గరగా చూడాలని పాత్ర కింద నిలబడ్డారు.

సుజాత బటన్ నొక్కింది. మూడో వాల్వు కదల్లేదు. పన్నెండో వాల్వు తెరుచుకుంది.

పన్నెండోది పాత్ర అడుగున ఖాళీ చేసే వాల్వు. వెడల్పాటిది. దాని గొట్టం ఇంకా బిగించలేదు. తెరిచి ఉన్నది మూడు సెకన్లే. కానీ సత్తిరెడ్డి గారికి ఆ మూడు సెకన్లు చాలు. నీళ్ళు ఆగి, మేం పైన రెయిలింగ్ మీదికి వంగి చూసేసరికి ఆయన కళ్ళద్దాలు ఒక పక్క, ఆయన చెప్పు ఒకటి ఇంకో పక్క ఉన్నాయి. ఇస్త్రీ మడత మాత్రం ఎక్కడా లేదు. బీహార్ నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు, "సాబ్ నహా లియే", సారు స్నానం చేసేశారు, అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. నా ప్రోగ్రామే తడిపిందని నాకు ఇంకా తోచలేదు.

సుజాత నవ్వలేదు. నీళ్ళు పారుతున్న వైపే చూస్తోంది. మేమూ చూశాం. ఆ నీళ్ళు నేల వాలు వెంబడి పక్క అరలోకి, వెల్డింగ్ రవ్వలు రాలుతున్న చోటికి పోతున్నాయి. వెల్డరు కాళ్ళు తడిసి లేచి నిలబడ్డాడు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. నేను అక్కడే మెట్టు మీద కూచున్నాను.

సత్తిరెడ్డి గారు పైకి వచ్చారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నేను గూడ వద్దంటి గదా" అన్నారు సుజాతతో. "డ్రమ్ములు పోసేటోళ్ళం గదమ్మా."

ఆ తర్వాత నేనేం చేశానో కూడా చెప్పాలి. ముందు వాల్వుల వైరింగ్ తప్పన్నాను. వైరింగ్ సరిగానే ఉంది. కేబుల్ అన్నాను. కంపైలర్ అన్నాను. ఇంకాసేపుంటే బొల్లారం కరెంటు మీదికి నెట్టేవాడినే. సుజాత హెడర్ ఫైల్ తెరిచి తెరను నా వైపు తిప్పింది. వాల్వు తెరిచే ఫంక్షన్లు రెండున్నాయి. పాతది నాది. అందులో ముందు సెకన్లివ్వాలి, తర్వాత వాల్వు నంబరు. కొత్తది ఆమె రాసింది. అందులో ముందు నంబరు, తర్వాత సెకన్లు. పట్టీలో అక్షరక్రమం ప్రకారం నాదే పైన ఉంది. ట్యాబ్ దాన్నే పట్టుకుంది. మూడు, పన్నెండు అంటే అది మూడు సెకన్లు, పన్నెండో వాల్వు అనుకుంది. నా ఫంక్షన్ పక్కన 'ఇంట్, ఇంట్' అనే ఉంది. రాసినవాడిని నేనే, నాకే వరస గుర్తులేదు.

నా ఫంక్షన్ పైన సుజాత ఎప్పుడో ఒక కామెంట్ రాసిపెట్టింది: ఇది పాతది, అంకెల వరస తిరగబడి ఉంది, వాడొద్దు. కామెంట్లన్నీ కొట్టిపారేసే నా ప్రోగ్రాం ఆ హెచ్చరికను కూడా కొట్టిపారేసి, ఫంక్షన్‌ను మాత్రం పట్టీలో పైన కూచోబెట్టింది.

వేణుగోపాల్ సార్ సత్తిరెడ్డి గారి దగ్గరికి పోయి, తప్పు మా కంపెనీది అన్నారు. నా పేరు ఎత్తలేదు. చాలాసేపు మాట్లాడి వచ్చారు. "ఇంకొక్కపారి సూస్తమన్నరు. అప్పుడు గూడ తప్పితే ఆర్డరు పూణెకు పోతది. ఆర్డరు పోతే మన షెడ్డుకు తాళమే." స్కూటర్ స్టార్ట్ చేసి, నాతో మాత్రం ఇంకో మాటన్నారు. "నీ ప్రోగ్రాం పని జల్దీ జేస్తదని మురిసిన మల్లేశం. తప్పు గూడ జల్దీ జేస్తదని సోంచాయించలె."

మూడో ఇంట్ ఎవరిది

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి, ఆ ప్రోగ్రాంను తీసేస్తానని చెప్పాను. ఎవరైనా వద్దని బతిమాలితే బాగుండునని లోపల ఆశ. సుజాత బతిమాలలేదు.

"తీసేస్తే ఏమైతది? మళ్ల గుర్తున్నది కొడ్తం. నీకేం గుర్తున్నదో నిన్న సూసినం గదన్నా."

"మరేం జేద్దామంటవ్?"

"పట్టీ తప్పు చెప్పలె. మనం రాసిందే సూపెట్టింది. మనం మంచిగ రాస్తే మంచిగ సూపెడ్తది."

ఆమె రెండు నియమాలు చెప్పింది. 'వాడొద్దు' అని కామెంట్ ఉన్న ఫంక్షన్ పట్టీలోకి రాకూడదు. ప్రకటనలో ప్రతి అంకెకూ పేరుండాలి; సెకన్లైతే సెకన్లు అని, వాల్వు నంబరైతే వాల్వు నంబరు అని. పేరు లేనిదాన్ని నా ప్రోగ్రాం తీసుకోకుండా, అది ఏ ఫైల్లో ఉందో, ఎవరు రాశారో చెప్పి పక్కన పెట్టాలి. పేర్లు ఏరే ప్రోగ్రాం, పోలీసు పని కూడా చేయాలన్నమాట. నేను ఒప్పుకున్నాను. ఎవరు రాశారో చెప్పాలన్న మాట దగ్గర కొంచెం నసిగాను.

నడిపాం. పట్టీలో సుజాత ఫంక్షన్లు మాత్రమే మిగిలాయి. పక్కన పెట్టినవి తెర మీద పైనుంచి కిందికి జారుతూనే ఉన్నాయి. ప్రతిదాని చివరా నా పేరే. వెనకనుంచి చూస్తున్న వేణుగోపాల్ సార్, "ఇదేంది మల్లేశం, నీ జన్మపత్రిక లెక్కనే ఉన్నది" అన్నారు.

తర్వాత వారాలపాటు నేను కొత్త కోడ్ ఒక్క వరస రాయలేదు. నా పాత ఫంక్షన్లను ఒక్కొక్కటి తెరిచి, ఏ ఇంట్ ఏమిటో చూసి పేర్లు పెట్టాను. ఇది విన్నంత తేలిక కాదు. వాటిని రాసినవాడు నాకు తెలుసు, కానీ వాడితో నాకు మాటల్లేవన్నట్టు ఉండేది. ఎందుకట్లా రాశాడో అడుగుదామంటే వాడు దొరకడు.

ఒక ఫంక్షనుకు మూడు ఇంట్‌లున్నాయి. మొదటిది వాల్వు, రెండోది ఉష్ణోగ్రత. మూడోది ఏమిటో ఎంతకీ గుర్తు రాలేదు. మేం ఎప్పుడూ అక్కడ సున్నా ఇచ్చేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళకు కూడా నేనే, "ఈడ సున్నా పెట్టాలె. ఎందుకని అడగొద్దు" అని గంభీరంగా చెప్పేవాడిని. వాళ్ళు అదేదో పెద్ద రహస్యమనుకుని భక్తిగా సున్నా పెట్టేవాళ్ళు. సుజాత, నేను కలిసి లోపలి కోడ్ మొత్తం చదివాం. ఆ మూడో ఇంట్‌ను ఎవరూ, ఎక్కడా వాడలేదు. ఎప్పుడో దేనికో అవసరమవుతుందనుకుని పెట్టి మరిచిపోయానన్నమాట. ఏళ్ళ తరబడి ఆఫీసంతా దానికి సున్నా నైవేద్యం పెడుతోంది.

సుజాత అప్పుడు నవ్వింది. చేరినప్పటినుంచీ ఆమె అంతసేపు నవ్వడం నేను చూడలేదు. కళ్ళు తుడుచుకుని, "దీనికేం పేరు పెడ్తవన్నా?" అంది.

తీసేశాను.

పిల్లలకు నేను చెప్పాలనుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. పేరు దానంతటదే పూర్తవడం మంచి సౌకర్యం. నేను ఇప్పటికీ అది లేకుండా ఒక వరస రాయలేను. కానీ అది పూర్తిచేసేది పేరునే. తెర మీద పేరు పూర్తయ్యేసరికి మన బుర్రలో కూడా పని పూర్తయిందనిపిస్తుంది. కంపైల్ అయితే ఇక చెప్పే పనే లేదు, జెండా ఎగరేస్తాం. ట్యాబ్ నొక్కిన వేలు ఆ తర్వాత కాసేపు ఆగాలి. ఆగి, ఆ పక్కనున్నదాన్ని చదవాలి. చదవడానికి అక్కడ ఏదైనా ఉండాలంటే దాన్ని ముందు మనమే రాసి ఉండాలి. ఫంక్షను రాసినవాడికి దాని గురించి అన్నీ తెలుసు. అది ఆ ఒక్కరోజు మాటే. ఆర్నెల్లు పోతే వాడూ కొత్తవాడే. నాకైతే ఆర్నెల్లు కూడా పట్టేది కాదు.

ఇంకొకటి. మీ ఆఫీసులో "నీళ్ళు పోసి చూద్దాం" అనే మనిషి ఒకరుంటారు. అందరికీ వాళ్ళమీద విసుగే. నేను కూడా విసుక్కున్నాను. మీరు వాళ్ళ పక్కన నిలబడండి.

గొడుగు

రెండోసారి బొల్లారం పోయినప్పుడు వేణుగోపాల్ సార్ స్కూటర్ మీద మా ఆటో వెనకే వచ్చారు. షెడ్డులో వైరింగ్ చేసేవాళ్ళు పొద్దున పని ఆపి, మేం ఆటో ఎక్కేదాకా చూశారు.

ఫ్యాక్టరీలో మెట్లు దిగేసరికి పాత్ర కింద సత్తిరెడ్డి గారు నిలబడి ఉన్నారు. పైన రేకుల కప్పు. బయట ఎండ మండిపోతోంది. ఆయన చేతిలో పెద్ద నల్ల గొడుగు, తెరిచి పట్టుకుని ఉన్నారు. చుట్టూ ఉన్న కూలీలు, ఆపరేటర్లు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకుంటున్నారు.

"మల్లేశం, ఇటు రా" అన్నారు. "నువ్వు గూడ ఈడనే నిలబడు."

పోయి పక్కన నిలబడ్డాను. గొడుగు కింద నాకు చోటివ్వలేదు.

పైన సుజాత బటన్ నొక్కింది. మూడో వాల్వు తెరుచుకుని, పైపులో నీళ్ళు పోయిన చప్పుడు వినిపించింది. పన్నెండు సెకన్లకు మూసుకుంది. తర్వాత ఒకటోది, నాలుగోది. ఒక్కో వాల్వు టక్కుమన్నప్పుడల్లా నా భుజాలు వాటంతటవే ముడుచుకుపోయేవి. సత్తిరెడ్డి గారు నావైపు చూడలేదు, పైకే చూస్తున్నారు. చివరికి పన్నెండో వాల్వు తెరుచుకుంది. ఈసారి గొట్టం బిగించి ఉంది. నీళ్ళు ఎక్కడికి పోవాలో అక్కడికి పోయాయి.

"అమ్మా సుజాతా" అని పైకి కేకేశారాయన. "ఇగ ముడువాల్నా?"

"ఇంకొక్కసారి నడుపుతం సార్. ఉండుండ్రి."

నేను, వేణుగోపాల్ సార్ మొహమొహాలు చూసుకున్నాం. పాత్రను మళ్ళీ నింపారు. మళ్ళీ మొదటినుంచి నడిచింది. సత్తిరెడ్డి గారు చెయ్యి మార్చుకుంటూ గొడుగు అట్లాగే పట్టుకున్నారు. అంతా అయ్యాక సుజాత రెయిలింగ్ మీదికి వంగి, మొదట నేల తడిగా ఉందేమో చూసింది, తర్వాత ఆయన్ను చూసింది.

"ముడువుండ్రి సార్."

సత్తిరెడ్డి గారు గొడుగు ముడిచి నా చేతికిచ్చారు. గోడ వైపు తిరిగి, "డ్రమ్ములు తేండ్రిరా" అని కేకేశారు.